విమానం రేడియోకి నాలుగు మీటర్ల కేబులు

మా మల్లెలదిబ్బ విమాన శిక్షణ కేంద్రంలో విమానాలు మూడు. ఒకటి ఎగురుతుంది. ఒకటి ఎగరవలసి ఉంది. మూడోది ఆఫీసు ముందు సిమెంటు దిమ్మె మీద ఉంది. దానికి ఏటా రంగు వేయిస్తాం కనుక మూడింటిలోనూ చూడ్డానికి అదే బాగుంటుంది. నేను అక్కడ సూపరింటెండెంటుని, పేరు కామేశం. పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. నా పని ఫైళ్లు నడపడం. అది బాగా చేస్తానని పేరుంది.

ఆ రోజు పొద్దున్న ఎగిరే విమానాన్ని మెర్సీ ఒంటరిగా నడుపుతోంది. మెర్సీ మా దగ్గర శిక్షణ పొందుతున్న అమ్మాయి. వాళ్లది రేపల్లె, తండ్రి ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరు. లైసెన్సుకు కావలసిన గంటల్లో ఇక తొమ్మిదే మిగిలాయి. రెండు నెలల్లో అవి పూర్తి కాకపోతే, ఆమె రాసి ప్యాసైన పరీక్షలకు గడువు తీరిపోతుంది. అన్నీ మళ్లీ మొదటినుంచి రాయాలి.

ఆమె దిగడానికి రన్‌వే వైపు వస్తూండగా ఆరు గేదెలు కంచె సందులోంచి దూరి, తీరిగ్గా రన్‌వే మధ్యకు వచ్చి నిలబడ్డాయి. టవర్లో ఉన్న కెప్టెన్ భుజంగం గారు మైకు అందుకున్నారు. ఆయన వాయుసేనలో పనిచేసి వచ్చిన మనిషి, మా ముఖ్య శిక్షకులు.

"మెర్సీ, దిగకు! పైకి లే! పైకి లే!"

స్పీకర్లోంచి బుస్సుమని చప్పుడొచ్చింది. విమానం దిగుతూనే ఉంది. కెప్టెన్ గారు మైకు వదిలేసి, కుర్చీ మీది ఎర్ర తువాలు లాక్కుని, మెట్లు మూడేసి చొప్పున దూకి రన్‌వే పక్కన పరిగెత్తారు. అరవై ఏళ్ల మనిషి అలా పరిగెత్తగా నేను చూడలేదు. మెర్సీ ఆ తువాలు చూసింది. చక్రాలు గేదెల వీపులకు తాటిచెట్టు ఎత్తులో ఉండగా విమానం తిరిగి లేచింది.

రెండో చుట్టుకి క్షేమంగా దిగాక ఆ అమ్మాయి నీళ్ల సీసా అందుకుంది.

"నాకేం వినపళ్లేదు సార్. నూనెలో వడియాలేసినట్టు ఒకటే చప్పుడు."

నీళ్ల సీసా మూత తిప్పలేకపోతుంటే దమయంతి గారు తీసి ఇచ్చారు. దమయంతి గారు మా రేడియో ఇంజనీరు. రేడియో సరిగా ఉందని ఆవిడ సంతకం పెడితేనే విమానం ఊరు దాటి వెళ్లాలి. ఆవిడ చెప్పులు విడిచి విమానంలోకి దూరి, గంట తర్వాత ఒక నల్లటి తీగ ముక్కతో బయటికొచ్చారు.

"రేడియో బాగుంది. పైనున్న యాంటెన్నా బాగుంది. రెంటినీ కలిపే కేబులే పోయింది. ఇదుగో చూడండి కామేశం గారూ."

వంచితే పైతొడుగు అప్పడంలా విరిగింది. లోపలి రాగి అల్లిక పచ్చగా చిలుము పట్టి ఉంది.

"నాలుగు మీటర్లు కావాలి. ఆర్జీ నాలుగొందలు రకం అని రాయండి. ఇంకోటి పనికిరాదు."

నేను ఆ సామాను కోరుతూ స్టోర్సుకి ఇండెంటు రాశాను. నా అనుభవంలో అంత చిన్న ఇండెంటు మరొకటి లేదు. అందులోనే నేనొక పొరపాటు చేశానని తర్వాత తెలిసింది. అందులో 'కేబుల్' అనే మాట ఉంది.

సరిగ్గా ఆ వారమే 'ఏక కేబుల్ విధానం' అమల్లోకి వచ్చింది. ప్రతి శాఖా తనకు తోచిన కేబుల్ కొనుక్కోవడం వల్ల రాష్ట్రంలోని కేబుళ్ల మధ్య ఐకమత్యం లోపించినదని పై ఆఫీసు వారు గమనించారు. ఏదో టీవీ పథకం కోసం తెప్పించిన కేబుల్ మూడు వేల చుట్టలు గోదాముల్లో ఉందని కూడా గమనించారు. కాబట్టి ఇకపై ఏ శాఖ ఇండెంటులో కేబుల్ అని కనిపించినా, ఆ చుట్టల్లోంచే ఇవ్వాలి. పోలీసైనా, పశువుల ఆసుపత్రైనా, మేమైనా అంతే.

మా స్టోర్సు అధికారి గవర్రాజు గారు నా ఇండెంటు మీద వేలు పెట్టారు.

"ఇందులో కేబుల్ అని ఉందా, లేదా?"

"ఉందండి."

"మరింకేం? మన వాటా నాలుగు చుట్టలు వచ్చేసింది. పట్టుకెళ్లమనండి."

"అది టీవీ కేబుల్ కదండీ?"

"టీవీలో బొమ్మ కూడా వస్తుందయ్యా. మీ రేడియోకి కావలసింది మాట ఒక్కటేగా. బొమ్మనే మోసుకొచ్చేది మాటని మోయలేదా?"

ఈ ప్రశ్నను దమయంతి గారి దగ్గరకు మోసుకెళ్లాను. జవాబు ఆవిడ దగ్గర ఉంది. ఆవిడ తిన్నగా డైరెక్టరు గారి గదికి వెళ్లారు.

డైరెక్టరు వైకుంఠరావు గారు మత్స్యశాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. మంచి మనిషి. ఎవరినీ నొప్పించరు, ఏదీ ఒంటరిగా నిర్ణయించరు. ఆయన అప్పటికప్పుడు 'కేబుల్ ఎంపిక సంఘం' వేశారు. అధ్యక్షులు ఆయన, సభ్యులు గవర్రాజు గారు, సభ్య కార్యదర్శిని నేను. దమయంతి గారు ప్రత్యేక ఆహ్వానితురాలు. అంటే మాట్లాడవచ్చు గాని అభిప్రాయం ఉండకూడదు.

సమావేశానికి ఆవిడ రెండు ముక్కలు తెచ్చారు. ఒకటి చుట్టలోంచి కోసిన తెల్లటి టీవీ కేబుల్. రెండోది గోధుమ రంగులో సన్నగా ఉన్న ఆర్జీ నాలుగొందలు, ఆవిడ పాత ఉద్యోగం నుంచి దాచుకున్న జానెడు ముక్క.

"సార్, మన రేడియో, యాంటెన్నా రెండూ యాభై ఓముల లెక్కన చేసినవి. మధ్యలో కేబులు కూడా యాభై ఉండాలి. ఈ టీవీది డెబ్భై అయిదు."

డైరెక్టరు గారు సంతోషించారు. "అంటే పాతిక ఎక్కువే ఉందన్నమాట! ప్రభుత్వం వారు అడక్కుండా పాతిక ఓములు అదనంగా ఇస్తుంటే వద్దంటారేమిటమ్మా?"

"ఎక్కువ తక్కువల సంగతి కాదు సార్, సరిపోవడం ముఖ్యం. ఎనిమిదో నంబరు కాలికి పదకొండో నంబరు చెప్పు వేసుకుంటారా?"

"వేసుకుని నడవొచ్చండి," అన్నారు గవర్రాజు గారు. "పడిపోతామనేం లేదు."

"నడవొచ్చు. కొంత మాట వెనక్కి తన్నినా ఏదో వినపడుతుంది, కాదనను. అసలు గొడవ అది కాదు. దీని లోపలున్నది ఒకటే మొద్దు తీగ. గోడకి మేకు కొట్టి వదిలేస్తే ఇరవై ఏళ్లుంటుంది. విమానంలో ఇంజను అదురుకి పుటుక్కున విరుగుతుంది. ఈ గోధుమరంగు దాంట్లో పంతొమ్మిది సన్న తీగలు పేని ఉన్నాయి, పైన రెండు వరసల అల్లిక. ఇంకో సంగతి, ఆ టీవీది వేడికి మెత్తబడుతుంది. కాలితే ఆ పొగ పీల్చి మనిషి బతకడు. చూపిస్తానుండండి."

ఆవిడ ఒక స్టీలు పళ్లెంలో టీవీ కేబుల్ పెట్టి అగ్గిపుల్ల గీశారు. అది చక్కగా అంటుకుని నల్లటి పొగ కక్కింది. డైరెక్టరు గారు దగ్గుతూ కిటికీ దగ్గరకు వెళ్లారు. తర్వాత ఆవిడ గోధుమరంగు ముక్కకు మూడు పుల్లలు వెలిగించారు. కొస నల్లబడింది తప్ప మంట అంటుకోలేదు.

"దోసె అంటుకోని పెనాల మీద పూత ఉంటుందే, ఆ పదార్థమే ఇది," అన్నారు.

గవర్రాజు గారు కళ్లు తుడుచుకుని నాకు మినిట్సు చెప్పారు. నేను అక్షరం పొల్లుపోకుండా రాశాను.

"అగ్ని పరీక్ష యందు మొదటి నమూనా తక్షణమే సానుకూలముగా స్పందించినది. రెండవ నమూనా మూడు పర్యాయములు అవకాశమిచ్చినను స్పందించలేదు. పైగా మొదటిది లావుగాను, తెల్లగాను, పాతిక ఓములు అధికముగాను ఉన్నది. కావున మొదటి నమూనాను ఏకగ్రీవముగా ఎంపిక చేయడమైనది."

దమయంతి గారు తన కాలిన ముక్కను చేతిరుమాలులో చుట్టుకుని వెళ్లిపోయారు. ఆ కేబుల్ వేస్తే సంతకం పెట్టనని గుమ్మం దగ్గర ఆగి మరీ చెప్పారు.

సంతకం లేకపోతే విమానం కనుచూపు మేరలోనే తిరగాలి. మెర్సీకి మిగిలిన తొమ్మిది గంటలూ వేరే ఊళ్లకు వెళ్లి, అక్కడ దిగి, తిరిగి రావలసినవి. ఆ అమ్మాయి రోజూ పొద్దున్నే యూనిఫాం వేసుకుని వచ్చి, విమానాలు నిలిపే హ్యాంగరు ముందు స్టూలు మీద కూర్చుని మ్యాపు చూసుకునేది. మూడు వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు నా గదికి వచ్చింది.

"సార్, ఫైలు ఎక్కడుందండీ?"

"నడుస్తోందమ్మా."

"నడిపేది మీరేగా సార్. కాస్త జోరుగా నడపరాదూ?"

నవ్వుతూనే అంది గాని కళ్లు మాత్రం నవ్వలేదు. ఆ మాట నాకు గుచ్చుకుంది. వెంటనే డైరెక్టరు గారికి విన్నవించాను. ఆయన చాలా బాధపడి, కెప్టెన్ గారిని పిలిపించి, తానే ఒక మార్గం కనిపెట్టారు.

"రాజమండ్రి దాకా ఎంత దూరం?"

"నూట ఇరవై కిలోమీటర్లు సార్."

"మన ఫీల్డు చుట్టూ ఒక చుట్టు?"

"ఎనిమిది."

"అయితే పదిహేను చుట్లు తిరిగితే రాజమండ్రి వచ్చినట్టే కదా!"

కెప్టెన్ గారు కొంచెంసేపు సీలింగు వైపు చూశారు. "అక్కడ దిగాలి సార్. వేరే ఊళ్లో దిగడం రావాలనే ఆ నిబంధన."

"ఏర్పాటు చేద్దాం," అన్నారు డైరెక్టరు గారు.

మర్నాటికి రన్‌వే ఆ చివర 'రాజమండ్రి' అని పసుపు బోర్డు వెలిసింది. ఈ చివర 'మల్లెలదిబ్బ' అని ఉంది. కంచె పక్కన పోయే కొబ్బరికాయల లారీ ఒకటి ఆ బోర్డు చూసి లోపలికి తిరిగి, హ్యాంగరు దగ్గర ఆగి, మార్కెట్టుకి దారి అడిగింది. కెప్టెన్ గారు మాత్రం ఆ ప్రయాణాన్ని లాగ్ బుక్కులో రాయననేశారు. రాయకపోతే మానె, కనీసం సంభాషణ సాగాలని డైరెక్టరు గారు షామియానా వాళ్ల దగ్గర మైకు సెట్టు అద్దెకు తెప్పించారు. విమానం తలమీంచి పోయినప్పుడల్లా గవర్రాజు గారు మైకులో "మెర్సీ గారూ, తమరు దిగవచ్చును" అనేవారు. విమానంలో ఆమెకు వినపడలేదు గాని, ఊళ్లో అందరికీ వినపడింది.

ఇదంతా పై ఆఫీసుకు తెలిసి, ఎంపిక చేసిన కేబుల్‌ను వెంటనే బిగించవలసిందిగా తాఖీదు వచ్చింది. ఊళ్లో టీవీ కనెక్షన్లు ఇచ్చే మనిషిని పిలిపించారు. టీవీ పిన్ను రేడియో సాకెట్లో కూర్చోలేదు. గవర్రాజు గారు నల్ల టేపుతో కూర్చోబెట్టించారు. నేలమీదే ఇంజను నడిపి చూశారు. మొదటి అయిదు నిమిషాలు కెప్టెన్ గారి గొంతు టవర్లోకి వచ్చింది. గవర్రాజు గారు చప్పట్లు కొట్టారు. ఏడో నిమిషంలో గరగరలాడింది. పదకొండో నిమిషానికి పూర్తిగా ఆగిపోయింది. దమయంతి గారు లోపలికి దూరి, రెండుగా విరిగిన తీగ తెచ్చి చూపించారు.

గవర్రాజు గారు దాన్ని ఇటూ అటూ తిప్పి చూశారు. "కేబుల్లో లోపమేం లేదండి. విమానం వణుకుతోంది. ముందు ఆ వణుకు మాన్పించండి."

ఆ సాయంత్రమే దమయంతి గారికి మెమో వెళ్లింది. ప్రభుత్వ విధానమునకు సహకరించక సంతకము నిరాకరించినందుకు మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను. టైపు చేసింది నేనే. ఇవ్వడానికి వెళ్లిందీ నేనే. ఆవిడ చదివి, మడిచి, పర్సులో పెట్టుకున్నారు.

"కామేశం గారూ, మీకు ముప్పై మంది శిక్షణార్థులు గుర్తుంటారు. నాకు ఒకడు ఎక్కువ గుర్తుంటాడు. పాత చోట, రేడియో పలక్కే పోయాడు. దారి తప్పి, అడగడానికి గొంతు లేక. అందుకే నేను సంతకం పెట్టను. ఉద్యోగం పోతే పోనివ్వండి."

ఇంటికి వెళ్లాక అన్నం సయించలేదు. టైపు మిషను మీద నేను కొట్టిన కాగితాల్లో ఎవరి ప్రాణమైనా ఉందని పంతొమ్మిదేళ్లలో ఎన్నడూ అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి స్టోర్సు నిబంధనల పుస్తకం తీశాను. చదవడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. మధ్యాహ్నం భోజనాల వేళకు నలభై ఒకటో నిబంధన దగ్గర ఆగాను. 'కొత్తగా ఎంపికైన ఏ వస్తువునైనను మొదటిసారి వినియోగించునపుడు, ఎంపిక సంఘ సభ్యులందరు వినియోగ స్థలమున స్వయముగా హాజరై ఉండవలెను.'

వినియోగ స్థలం రెండు వేల అడుగుల ఎత్తున ఉంది. సంఘ సభ్యుల్లో నేనూ ఒకణ్నని గుర్తుకొచ్చి పుస్తకం ఒకసారి మూసేశాను. అయినా నోట్ ఫైలు రాశాను. విమానంలో సీట్లు నాలుగు, పైలటు పోను మూడు, సభ్యులం ముగ్గురం. ఇంత కచ్చితంగా సరిపోయిన ప్రతిపాదన నా సర్వీసులో మరొకటి లేదు.

డైరెక్టరు గారు అలవాటు ప్రకారం చదవకుండా సంతకం చేశారు.

నిర్ణయించిన రోజు పొద్దున ముగ్గురం విమానం దగ్గరకు వెళ్లాం. కొత్తగా మరో టీవీ కేబుల్ బిగించి ఉంది. కెప్టెన్ గారు కాటా పట్టుకుని నిలబడ్డారు.

"బరువు చూడాలి సార్, ఎక్కండి."

"ఎందుకు?" అన్నారు డైరెక్టరు గారు.

"పైకెళ్తున్నారుగా."

"ఎవరు?"

నేను ఫైలు విప్పి ఆయన సంతకమే చూపించాను. ఆయన రెండుసార్లు చదువుకున్నారు. గవర్రాజు గారు ఆ వెనక నుంచి మెడ చాచి చదివారు. కెప్టెన్ గారు మర్యాదగా వివరించడం మొదలుపెట్టారు.

"తలుపు గడియ ఇదండి. లోపల పొగొస్తే ముందు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. రేడియో ఆగిపోతే ఎవరేం చెప్పినా మనకి వినపడదు, మనం కేక పెట్టినా ఎవరికీ వినపడదు. అంతకుమించి ఇబ్బందేం లేదు."

గాలికి రెక్క చిన్నగా కిర్రుమంది.

"దమయంతమ్మా," అన్నారు డైరెక్టరు గారు మెత్తగా, "ఆ యాభై ఓముల సంగతి… ఒక్కసారి మళ్లీ చెప్తారా?"

ఆవిడ చెప్పారు. ఇద్దరూ ఇంత శ్రద్ధగా వినడం నేను చూడలేదు. గవర్రాజు గారైతే ప్రశ్నలు కూడా వేశారు. ఎంత వేడికి మెత్తబడుతుంది, ఆ పొగ ఎంతసేపట్లో కమ్ముతుంది, పంతొమ్మిది తీగల్లో ఒకటి తెగితే మిగతా పద్ధెనిమిదీ మోస్తాయా అని. పావుగంటలో సంఘానికి జ్ఞానోదయమైంది. రెక్క నీడలోనే అత్యవసర సమావేశం జరిగింది.

"ఆవిడ చెప్పిందే తెప్పిద్దాం," అన్నారు గవర్రాజు గారు. "కాని ఎలా? కేబుల్ అని రాస్తే మళ్లీ ఆ చుట్టే ఇవ్వాలి. విధానం ఉందిగా."

ఇద్దరూ నా వైపు చూశారు.

"కేబుల్ అని రాయకుండా ఉంటే?" అన్నాను.

ఆ మధ్యాహ్నం తలుపు వేసుకుని నేను దానికి పేరు పెట్టాను. 'రజత లేపిత ద్విస్తర తామ్ర జాలాచ్ఛాదిత అంతర్విమాన ధ్వని తరంగ వాహిక.' కేబుల్ అన్న మాట ఎక్కడా లేదు. అటువంటి వస్తువు తమ వద్ద లేదని గవర్రాజు గారు ధ్రువపత్రం ఇచ్చారు. నిజంగానే లేదు. లేని వస్తువు బయట కొనవచ్చు. ఇండెంటు పదిహేను మీటర్లకు రాశాను, ఎందుకైనా మంచిదని. ఆరో రోజున పార్శిలు వచ్చింది.

దమయంతి గారు దాన్ని కొలిచి కోసి, రెండు చివర్లా పిన్నులు యంత్రంతో నొక్కి, వేడి తగలని వైపు నుంచి తీసుకెళ్లి, జానెడుకొకచోట కట్టారు. నలభై నిమిషాలు ఇంజను నడిపి చూశారు. తర్వాత కాగితం మీద సంతకం పెట్టి, కలం క్యాపు పెట్టి, పక్కకు తిరిగి మెర్సీతో "వెళ్లిరా అమ్మా," అన్నారు.

"ఒక్క మాట," అన్నాను నేను. "ఆ రోజు మేం ముగ్గురం ఎక్కి కూర్చుని ఉంటే, మీరు సంతకం పెట్టేవారా?"

"మీరు కూర్చున్నా పెట్టేదాన్ని కాదు," అన్నారు ఆవిడ. "అది లేనిదే మిమ్మల్ని ఎక్కించుకుని ఎగరనని కెప్టెన్ గారూ అన్నారు. ఆ సంగతి మాత్రం మీకు ముందే చెప్పదలుచుకోలేదు."

మెర్సీ అసలు రాజమండ్రి వెళ్లింది. గంట తర్వాత టవర్లో స్పీకరు పలికింది. ఆ గొంతు పక్కగదిలోంచి మాట్లాడినట్టు ఉంది.

"మల్లెలదిబ్బ టవర్, రాజమండ్రిలో దిగి బయల్దేరాను. గోదావరి దాటుతున్నాను. నా మాట వినపడుతోందా?"

"చక్కగా వినపడుతోంది," అన్నారు కెప్టెన్ గారు. ఆ ఒక్క మాట అని, మైకు నాకిచ్చేసి కిటికీ వైపు తిరిగిపోయారు. ఆమె తొమ్మిది గంటలూ గడువుకు రెండు రోజుల ముందు పూర్తయ్యాయి. వాళ్ల నాన్న స్వీట్లకు బదులు బుట్టెడు రొయ్యలు ఐసులో పెట్టి పంపారు. డైరెక్టరు గారు వాటి జాతి పేరు చెప్పి మరీ పంచారు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. సంవత్సరాంతాన ఏక కేబుల్ విధానం అమలుపై నివేదిక అడిగారు. 'విమానంలో వాడిన కేబుల్ ఎంత?' అన్న గడిలో నేను నిజాయితీగా 'లేదు' అని రాశాను. 'రేడియో పనిచేయుచున్నదా?' అన్న గడిలో 'చక్కగా' అని రాశాను.

పై ఆఫీసు ఉలిక్కిపడి, తర్వాత మురిసిపోయింది. కేబులే లేకుండా రేడియో నడుపుతున్న ప్రథమ కేంద్రంగా డైరెక్టరు గారికి శాలువా కప్పారు. దమయంతి గారి మెమో ఉపసంహరించారు. పది రోజుల్లో అన్ని శాఖలకూ కొత్త సర్క్యులర్ వెళ్లింది. వైర్‌లెస్ అనగా వైరు లేనిది అని మల్లెలదిబ్బ వారు నిరూపించినందున, ఎల్లెడలా వైర్‌లెస్ సెట్లకున్న కేబుళ్లను తొలగించి గోదాములకు అప్పగించవలెను.

వారం తిరక్కుండా నా టేబుల్ మీద ఫోను మోగింది. సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడే పడవ మీది రేడియో ఆపరేటరట.

"సార్, మా సెట్టుకున్న కేబుల్ పీక్కెళ్లిపోయారండీ. దాని నోరు పడిపోయింది. రేపట్నించి తుపానంటన్నారు. మీరెలా నడుపుతున్నారండీ కేబుల్ లేకుండా?"

ఎదురుగా దమయంతి గారు టీ తాగుతున్నారు. విషయం చెప్పాను. ఆవిడ కప్పు కింద పెట్టారు.

"చెప్పండి. పేరు పెట్టింది మీరేగా. అతని సెట్టు కూడా యాభై ఓములదే అయి ఉంటుంది."

సర్క్యులర్ ప్రకారం నేను చెప్పవలసిన జవాబు వేరే. ఫైలు తెరిచి, పేరు మొత్తం చదివి వినిపించాను. అవతల అతను రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు.

"ఇంత పొడుగా అండీ?" అన్నాడు.

"పేరే పొడుగు," అన్నాను. "మా దగ్గర పదకొండు మీటర్లు మిగిలింది. మీకెంత కావాలో చెప్పు, ఇప్పుడే మనిషినిచ్చి పంపుతాను. సంతకాలు తర్వాత చూసుకుందాం."

ఆ మాట నా నోట వచ్చినందుకు దమయంతి గారి కంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. ఆవిడ అప్పటికే లేచి కత్తెర వెతుకుతున్నారు.